కారుకి ఎంత పెట్టొచ్చు? మేం వేసుకున్న లెక్క

కారు కొందామనుకుంటున్నాం అని అన్నామో లేదో, తెలిసినవాళ్లంతా ఏ కారు కొనాలో చెప్పడం మొదలుపెట్టారు. ఏది మైలేజీ బాగా ఇస్తుంది, ఏది గట్టిగా ఉంటుంది, అమ్మేటప్పుడు దేనికి మంచి ధర పలుకుతుంది, డిక్కీలో ఎన్ని పెట్టెలు పడతాయి. ఎంతలో కొనాలన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తినవాళ్లు కూడా "మీ బడ్జెట్ ఎంత?" అని అడిగి, మేమే ఏదో ఒక అంకె చెబుతామని చూశారు. మా దగ్గర ఆ అంకె లేదు. మా ఆయన ఒకటి చెప్పేవారు, నేను ఇంకోటి చెప్పేదాన్ని. ఆయన అంకె వెనక ఆఫీసులో స్నేహితుడు కొన్న కారు ఉంది. నా అంకె వెనక భయం తప్ప ఏమీ లేదు.

చివరికి ఆ అంకె ఎలా తేలిందో రాస్తున్నాను. అసలు మొత్తాలు చెప్పను, ఒకరి జీతం లెక్క ఇంకొకరికి పనికిరాదు. మా ఇద్దరికీ కలిపి నెలకి చేతికొచ్చేది 100 అనుకోండి. ఇక్కడి నుంచి నేను చెప్పే అంకెలన్నీ ఆ వందను బట్టే. ఏడాదికి 1200 అన్నమాట. మీ ఆదాయాన్ని ఆ వంద స్థానంలో పెట్టుకుంటే మీ లెక్క మీకు వస్తుంది.

ముందు సలహాలు. మా అన్నయ్య తేల్చి పారేశాడు: "ఏడాది జీతంలో సగం. అంతకు మించొద్దు, అంతకు తగ్గనూ వద్దు." అంటే 600. ఆఫీసులో ఒకావిడ 20-4-10 అనే సూత్రం చెప్పింది. ధరలో కనీసం 20 శాతం చేతి నుంచి కట్టాలి, అప్పు నాలుగేళ్లకి మించకూడదు, వాయిదాతో సహా కారు మీద పెట్టే ప్రతి పైసా కలిపి నెల ఆదాయంలో 10 శాతం దాటకూడదు. మామయ్యగారిది మూడో దారి. "అప్పు చేసి కొనదగ్గది ఇల్లొక్కటేనమ్మా. కారుకి డబ్బు చేతిలో ఉంటే కొనండి, లేకపోతే ఆగండి" అన్నారు.

మూడూ వినడానికి బాగానే ఉన్నాయి. కాగితం మీద పెట్టాకే మొదటి రెండింటికీ అసలు పొసగదని అర్థమైంది. అన్నయ్య చెప్పిన 600 కారే తీసుకుందాం. 20 శాతం, అంటే 120 చేతి నుంచి కడితే మిగిలిన అప్పు 480. ఏడాదికి 9 శాతం వడ్డీ, నాలుగేళ్ల గడువు అనుకుంటే నెల వాయిదా దాదాపు 12. పెట్రోలు చుక్క పోయకముందే, బీమా కట్టకముందే, 10 శాతం గీత దాటేశాం. ఇటువైపు నుంచి చూద్దాం. కారు నడపడానికి నెలకి 4 అవుతుందనుకుంటే, పదిలో వాయిదాకి మిగిలేది 6. ఆ 6కి నాలుగేళ్లలో తీరే అప్పు 241. అది ధరలో 80 శాతం కాబట్టి, మిగతా 20 శాతం డౌన్ పేమెంట్ కలిపితే కారు ధర దాదాపు 300. ఒక సూత్రం 600 అంటోంది, ఇంకోటి అందులో సగం అంటోంది. ఇద్దరూ ఒకే ఇంటికి వచ్చి ఒకే ధైర్యంతో చెప్పిన మాటలే ఇవి.

తేడా ఎక్కడుందంటే, సగం జీతం సూత్రం ధరని చూస్తుంది గానీ నెలని చూడదు. వడ్డీ ఎంత, గడువు ఎంత, చేతిలో ఎంత ఉంది, ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, ఇవేవీ దానికి పట్టవు. ఇల్లు సొంతమై, అద్దె గానీ ఇంటి అప్పు గానీ లేనివాళ్లకి 600 కారు భారం కాకపోవచ్చు. అన్నయ్య సరిగ్గా ఆ స్థితిలోనే ఉన్నాడు. 20-4-10 కొంత నయం, కానీ ఆ 10 ఎక్కడి నుంచి వచ్చింది? మా ఇంట్లో 10 మిగులుతోందా అసలు? అది ఎవరూ మాకు చెప్పలేరు. అసలు సూత్రంలో లెక్క పన్నులు పోకముందు ఆదాయం మీద, మేం చేతికొచ్చిన దాని మీద వేశాం. అదొక జాగ్రత్త.

అందుకని ధరతో మొదలుపెట్టడం మానేసి నెలతో మొదలుపెట్టాం. గడిచిన ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందేసుకుని కూర్చున్నాం. ఇంటి అప్పు 28. ఇంటి ఖర్చులు 26. పిల్లల చదువులు 12. పెద్దవాళ్లకి పంపేది 6. పొదుపు 16. టాక్సీలకీ బస్సులకీ 4. కలిపితే 92. మిగిలింది 8.

ఆ ఎనిమిదిని చూడగానే మా ఆయన ముఖం వెలిగింది. నాకు మాత్రం అనుమానం వచ్చింది. నెలకి 8 మిగులుతుంటే ఏడాదికి దాదాపు 100 పోగవ్వాలి. మా ఖాతాలో అంత పోగైన గుర్తు లేదు. మళ్లీ వెతికితే దొరికింది. పెళ్లికెళ్లి ఇచ్చిన కానుకలు, పిల్లాడి పళ్ల డాక్టరు, మధ్యలో చచ్చిపోయిన ఫ్రిజ్, ఏ పద్దులోనూ రాయని ఖర్చులన్నీ ఈ ఎనిమిదిలోంచే పోతున్నాయి. సగటున నెలకి 3. అంటే నిజంగా మిగిలేది 5.

ఇక్కడే మా ఇద్దరికీ మొదటి గొడవ. "పొదుపు 16 ఎక్కువే కదా, నాలుగేళ్లు 12 చేద్దాం, తర్వాత మళ్లీ పెంచుకోవచ్చు" అన్నారాయన. వినడానికి పెద్ద కోరిక కాదు. నేను క్యాలిక్యులేటర్ తీసి నెలకి 4 చొప్పున 48 నెలలు గుణించాను. 192. "అయితే ఆ 192 కూడా కారు ధరలో కలిపి రాయండి. అప్పుడు కూడా ఆ కారే నచ్చితే సరే" అన్నాను. రాయలేదు. పొదుపు ముట్టుకోకూడదన్నది ఆ రోజుతో ఖాయమైంది. పొదుపు తగ్గించి కారు కొనడం కూడా అప్పు చేయడమే, కాకపోతే బాకీ చెల్లించాల్సింది పదిహేనేళ్ల తర్వాతి మనకి.

కారు వస్తే టాక్సీ ఖర్చులో కొంత తగ్గుతుంది. నాలుగులో 3 తగ్గుతుందని వేసుకున్నాం. ఐదుకి ఆ మూడు కలిపితే, నెలకి కారు తినదగ్గది మొత్తం 8.

ఒక మాట మధ్యలో. టాక్సీలకి 4 పెట్టేచోట కారుకి 8, అప్పటికీ మిగిలే టాక్సీలకి 1 పెట్టడం ఏ లెక్కన చూసినా లాభం కాదు. మాకు తెలుసు. అత్తయ్యగారికి మోకాళ్లు బాగాలేవు, అర్ధరాత్రి పిల్లలకి జ్వరం వస్తే టాక్సీ కోసం కిటికీ దగ్గర నిలబడటం నాకు ఇష్టం లేదు. ఆ సుఖానికి నెలకి 5 ఎక్కువ పెడుతున్నామని ముందే ఒప్పుకున్నాం. "కారుంటే డబ్బు ఆదా" అని మనల్ని మనం నమ్మించుకుంటే, ఆ ఊపులో ఇంకాస్త ఖరీదైనది కొనడం తేలికైపోతుంది.

ఇక ఆ ఎనిమిదిలో నడపడానికి ఎంత, వాయిదాకి ఎంత? ఇంధనం లెక్క సులువే. నెలకి తిరిగే కిలోమీటర్లని లీటరుకొచ్చే కిలోమీటర్లతో భాగించి లీటరు ధరతో గుణించాలి. చిక్కల్లా మైలేజీ అంకెతోనే. కంపెనీ చెప్పేది ల్యాబులో రోలర్ల మీద నడిపి తీసిన అంకె. యూరప్‌లో పాత పరీక్షకీ నిజమైన రోడ్డుకీ మధ్య తేడా మరీ ఎక్కువైందనే 2017 నుంచి డబ్ల్యూఎల్‌టీపీ అనే కొత్త పరీక్ష తెచ్చారు. అదొచ్చాక తేడా తగ్గింది గానీ పోలేదు. మేం ఏ కారుకైనా చెప్పిన మైలేజీలో ఐదో వంతు కోసేసి లెక్కేశాం. ఇంధనం 2.2 తేలింది.

బీమా ఏడాదికోసారి వస్తుంది కాబట్టి జనం దాన్ని నెల లెక్కలో మర్చిపోతారు. ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టే బీమా చాలా దేశాల్లో తప్పనిసరి. సొంత బండికి కూడా వర్తించే పూర్తి బీమా మన ఇష్టమే అంటారు గానీ, అప్పు మీద కొంటే ఇచ్చినవాళ్లు అది ఉండాల్సిందే అంటారు. మేం అడిగి తెలుసుకున్న ధరలని బట్టి పన్నెండుతో భాగిస్తే 0.8 వచ్చింది. సర్వీసింగ్, టైర్లు, బ్యాటరీ కలిపి ఇంకో 0.8. బ్యాటరీ మామూలుగా మూడు నుంచి ఐదేళ్లు వస్తుంది. టైర్లు ఒక్కోటిగా కాదు, జతలుగా మార్చాల్సి వస్తుంది, అదే వాటితో తంటా. మార్చాల్సిన నెలలో పెద్ద ఖర్చు, మిగతా నెలల్లో సున్నా. ఆ సున్నాలని చూసే "కారు ఖర్చేముంది, పెట్రోలేగా" అంటారు. పార్కింగు, టోలు, కడిగించడం 0.4. మొత్తం 4.2.

ఎనిమిదిలోంచి 4.2 తీస్తే వాయిదాకి 3.8. 9 శాతం మీద నాలుగేళ్లకి ఆ వాయిదా మోయగలిగే అప్పు 152. ఇక చేతిలో డబ్బు. ఉద్యోగం పోతే ఆర్నెల్లు ఇల్లు నడిచేంత డబ్బు ముట్టుకోకుండా పక్కన పెట్టాక, కారుకి తీయగలిగింది 110. రెండూ కలిపితే 262. సరే, 260 అనుకున్నాం. పన్నులు, రిజిస్ట్రేషన్, బీమా అన్నీ కలిసి బండి ఇంటి ముందుకు వచ్చేసరికి అయ్యే మొత్తం అది. షోరూమ్ బోర్డు మీద రాసే ధర ఇంతకంటే తక్కువే ఉంటుంది. ఎంత తక్కువన్నది చోటుని బట్టి మారుతుంది. అందుకే ఎక్కడ అడిగినా మొదటి ప్రశ్న "అన్నీ కలిపి ఎంత?" అనే.

కాగితం మీద 260. అన్నయ్య మాటలో సగం కూడా లేదు. మా ఆయన చెప్పిన తొలి అంకెకి చాలా దిగువన, నా అంకెకి కాస్త ఎగువన.

కొనే ముందు దీన్ని పరీక్షించాలనిపించింది. కారుని టెస్ట్ డ్రైవ్ చేస్తాం గానీ వాయిదాని ఎవరూ చేయరు. జీతం పడిన రోజే 5 తీసి వేరే ఖాతాలో వేయడం మొదలుపెట్టాం. టాక్సీలు ఇంకా ఎక్కుతూనే ఉన్నాం కాబట్టి ఆ మూడు ఆదా ఇంకా చేతికి రాలేదు, అందుకే ఐదే. మొదట్లో ఏమీ తెలియలేదు. తర్వాత పిల్లల ఫీజులూ బంధువుల పెళ్లీ ఒకే నెలలో వచ్చాయి. ఆ ఖాతాలోంచి వెనక్కి తీయాల్సి వచ్చింది. సగటు అంటే ఇంతే, పన్నెండు నెలలు కలిపి చూస్తే బాగుంటుంది, ఒక్కో నెలా విడిగా వచ్చి నిలదీస్తుంది. వాయిదాకి ఆ వెసులుబాటు ఉండదు, ఐదో తారీఖంటే ఐదో తారీఖే. 4 పెట్టి చూశాం. ఆ నాలుగు ఏ నెలా కదల్లేదు.

అంటే కారు తినదగ్గది 8 కాదు, 7. నడపడానికి 4.2 పోతే వాయిదా 2.8. దానికొచ్చే అప్పు 112. కానీ ఈ నెలల్లో పక్కన పెట్టింది పోగై మరో 30 చేరింది కాబట్టి చేతిలో డబ్బు 140 అయింది. మొత్తం 252. చూడటానికి 260 నుంచి 250కి దిగినట్టే ఉంది, పెద్ద తేడా లేదు. లోపల మాత్రం అప్పు 152 నుంచి 112కి దిగింది. మామయ్యగారి మాట పూర్తిగా వినలేదు గానీ, అనుకోకుండానే ఆయన వైపు కొంత జరిగాం.

250. ఇంక ఇదే మా అంకె.

అంకె చేతికొచ్చాక షోరూమ్‌కి వెళ్లాం. కుర్చీలో కూర్చోగానే ఆ అబ్బాయి అడిగిన మొదటి ప్రశ్న, "నెలకి ఎంత కట్టగలరు సార్?" చాలా మర్యాదగా అడిగాడు. మా ఆయన చెప్పబోతుంటే నేను మోకాలితో తగిలించాను. 2.8 అని చెప్పామంటే చాలు, ఆ 2.8కి ఏడేళ్ల గడువు పెట్టి 174 అప్పు చూపిస్తారు. చేతిలో 140 ఎలాగూ ఉంది. 314 కారు ముందు నిలబెడతారు, వాయిదా పైసా పెరగదు. నిజంగానే కాసేపటికి అదే కాగితం వచ్చింది. "నెలకి అంతే కదా మేడమ్" అన్నాడు.

అంతే, నిజమే. ఒక్కటి తప్ప. ఏడేళ్ల అప్పు మూడేళ్లు కట్టాక ఇంకా 48 వాయిదాలుంటాయి. 48 వాయిదాలంటే మేం ఇప్పుడు చేయబోయే మొత్తం అప్పే. మూడేళ్లు కట్టీ కట్టీ, ఈ రోజు మేం ఎక్కడ మొదలుపెడుతున్నామో అక్కడికి చేరతామన్నమాట, అదీ మూడేళ్ల పాత కారుతో. వడ్డీ చూసుకున్నా అంతే. 9 శాతం మీద 100 అప్పుకి నాలుగేళ్లలో కట్టే వడ్డీ 19 చిల్లర, ఏడేళ్లలో 35.

ఇంకో షోరూమ్‌లో 7 శాతానికే అప్పు ఇప్పిస్తామన్నారు. బ్యాంకులో 9 అన్నారు కదా, ఇదేదో బాగుందే అనుకున్నాం. తీరా అడిగితే అది ఫ్లాట్ రేటు. అంటే బాకీ తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు తీసుకున్న మొత్తం మీదే పడుతూ ఉంటుంది. 100కి ఏడాదికి 7 చొప్పున నాలుగేళ్లకి 28 వడ్డీ, నెల వాయిదా 2.67. బ్యాంకు 9 శాతం తగ్గుతున్న బాకీ మీద, కాబట్టి వాయిదా 2.49. ఏడు తొమ్మిదికంటే ఎక్కువైంది. ఆ ఏడుని బ్యాంకు లెక్కలోకి మారిస్తే పన్నెండున్నర దాటుతుంది. శాతాన్ని పట్టించుకోకుండా "మొత్తం ఎంత కట్టాలి" అని అడిగితే ఈ గారడీ సాగదు.

ఆ తర్వాత వేరియంట్ల మెట్లు. బేస్ మోడల్ మన అంకెలోపే ఉంటుంది. దాని మీది దానికి 10 ఎక్కువ, పెద్ద తెర వస్తుంది. ఇంకో 12 వేస్తే సన్‌రూఫ్. ఇంకో 15కి ఆటోమేటిక్ గేరు. ఏనుగుని కొన్నవాడు అంకుశానికి బేరమాడతాడా అన్నట్టు, ప్రతి మెట్టూ కింది మెట్టుతో పోలిస్తే చిన్నదే. కింది నుంచి పై దాకా కలిపి చూస్తే మా ఏడాది పొదుపులో అయిదో వంతు. మా ఆయనకి సన్‌రూఫ్ మీద మనసు పడింది. వద్దనలేదు నేను. "కావాలంటే తీసుకుందాం, కానీ 250 లోపల. దేన్ని వదిలి దాన్ని తీసుకుంటారో మీరే చెప్పండి" అన్నాను. ఆయనే కాసేపు కాగితం తిప్పి వదిలేశారు. అంకె గట్టిగా ఉంటే మొగుడూ పెళ్లాలు ఒకరితో ఒకరు కొట్లాడక్కర్లేదు, దానితోనే కొట్లాడొచ్చు.

వదలకూడనివి కూడా ముందే రాసుకున్నాం. బండి జారకుండా ఆపే ఈఎస్‌సీ ఉండాలి, పక్కల నుంచి తలకి రక్షణనిచ్చే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లు ఉండాలి, వెనక సీట్లో ముగ్గురికీ మూడు చోట్ల పట్టే బెల్టు ఉండాలి. ఈఎస్‌సీ మరీ విలాసమేమీ కాదు, యూరప్‌లో 2014 నవంబర్ నుంచి ప్రతి కొత్త కారుకీ తప్పనిసరి. ఇవి లేని కారు ఎంత చవకైనా మా జాబితాలో లేదు. దీనివల్ల 250కి పైకప్పుతో పాటు నేల కూడా ఏర్పడింది. ఒకటి రెండు మోడళ్లు టాప్ వేరియంట్లో మాత్రమే ఇవన్నీ ఇస్తున్నాయి. సన్‌రూఫ్‌తో కలిపి అమ్ముతారు, విడిగా ఇవ్వరు. అవి పోయాయి. క్రాష్ టెస్ట్ నక్షత్రాలు చూసేటప్పుడు ఏ సంవత్సరం పరీక్షో కూడా చూడాలి. పరీక్ష కొన్నేళ్లకోసారి కఠినమవుతూ ఉంటుంది, కాబట్టి పదేళ్ల కిందటి అయిదు నక్షత్రాలు ఇప్పటి అయిదుకి సమానం కావు.

ఇంతవరకూ కొత్త కారే మనసులో ఉంది. తరుగుదల లెక్క వేసుకున్నాక అది మారింది. తరుగుదల విచిత్రమైన ఖర్చు. బిల్లు రాదు, ఎవరూ అడగరు, కానీ కొత్త కారుకి చాలాసార్లు పెట్రోలు కంటే అదే ఎక్కువ. 250 పెట్టి కొన్నది అయిదేళ్లకి సగానికి అమ్ముడుపోతుందనుకుంటే పోయింది 125, నెలకి 2.1. మూడేళ్లకోసారి మార్చేవాళ్లకి, 60 శాతం ధర వచ్చినా నెలకి 2.8 దాకా పోతుంది. ఎనిమిదేళ్లు ఉంచుకుని 30 శాతానికి అమ్మినా నెలకి 1.8తో సరిపోతుంది. మోడల్‌ని బట్టి ఈ శాతాలు మారతాయి, అమ్మకపు ప్రకటనల్లో అదే మోడల్ మూడేళ్లది, అయిదేళ్లది ఎంతకి పెడుతున్నారో చూస్తే మీకే తెలుస్తుంది. ఏ మోడలైనా మొదటి రెండు మూడేళ్లలోనే ఎక్కువ కోల్పోతుంది. ఆ మొదటి మూడేళ్ల కోత వేరేవాళ్లు భరించాక మనం కొంటే?

మా ఆయనకి సెకండ్ హ్యాండ్ అంటే మొదట నచ్చలేదు. "ఎవరో వాడి వదిలేసింది" అన్నారు. నా అభ్యంతరం వేరు. పాత కారుకి వడ్డీ ఎక్కువ, మాకు 11 శాతం చెప్పారు. కొన్న వెంటనే ఏదో ఒకటి మార్చాల్సి వస్తుంది. అందుకే పాత కారుకి ఒక షరతు పెట్టుకున్నాం: పేరు మార్పిడి, బీమా, వెంటనే చేయించాల్సిన పనులతో సహా 225 దాటకూడదు. మిగతా 25 తర్వాతి మరమ్మతులకి. అమ్మేవాళ్లతో సంబంధం లేని మెకానిక్‌కి డబ్బిచ్చి చూపించాం. ఆయన మొదట ఇంజిన్ దగ్గరికి వెళ్తాడనుకుంటే, వంగి టైర్ల పక్కగోడ మీద అంకెలు చదివాడు. నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. కారు వయసుకి టైర్ల వయసు సరిపోకపోతే ఎందుకని అడగాలట. తిరిగిన కిలోమీటర్లు తక్కువ చూపిస్తూ టైర్లు అప్పుడే ఒకసారి మారిపోయి ఉంటే మీటరు మీద అనుమానపడాలట. ఒక కారు అక్కడే పోయింది. ఇంకోటి బాగుంది కానీ సర్వీసు కాగితాలు సగమే ఉన్నాయి. దాన్నీ వదిలేశాం, ఈసారి బాధతో.

చివరికి దొరికింది మూడేళ్ల కారు, కాగితాలు పూర్తిగా ఉన్నది, మేం రాసుకున్న మూడూ ఉన్నది. ధర 208. పేరు మార్పిడికి, బీమాకి, ముందు టైర్లకి, బ్యాటరీకి కలిపి 17. మొత్తం 225. చేతి నుంచి 140, అప్పు 85. 11 శాతం మీద మూడేళ్లకి వాయిదా 2.78. ముందు అనుకున్న 2.8లోనే ఉంది, గడువు మాత్రం ఏడాది తగ్గింది. వడ్డీ రేటు ఎక్కువన్న నా బెంగకి ఇదే జవాబు. రేటు పెరిగింది గానీ, అప్పు చిన్నదై గడువు తగ్గడంతో కట్టే వడ్డీ మొత్తం తగ్గింది.

అన్నయ్య వచ్చి చూశాడు. చుట్టూ తిరిగాడు, తలుపు వేసి శబ్దం విన్నాడు. "బాగుంది కానీ, నీ జీతానికి ఇంకా పెద్దది వచ్చేదే" అన్నాడు. వచ్చేది, కాదనలేదు.

నడపడం మొదలుపెట్టాక కాగితం మీద అంకెలు ఎంతవరకూ నిలిచాయంటే, ఇంధనం దాదాపు అనుకున్నంతే. ఐదో వంతు కోసుకోవడం పనికొచ్చింది. బీమా కొత్త కారుకి వేసుకున్నదాని కంటే తక్కువ, సర్వీసింగు కొంచెం ఎక్కువ, ఆ రెండూ చెల్లుకి చెల్లు. తప్పింది టాక్సీ లెక్క. కారొస్తే 3 తగ్గుతుందనుకున్నాం, 2 మాత్రమే తగ్గింది. పార్కింగ్ దొరకని చోట్లకి మా ఆయన ఇప్పటికీ టాక్సీలోనే వెళ్తున్నారు. వెళ్లకుండా ఎలా ఉంటారు, చుట్టూ తిరిగి తిరిగి చోటు వెతుక్కోవడం కంటే అదే నయం. ప్రస్తుతానికి ఆ ఒక్కటీ ఎలాగో సర్దుతున్నాం. పిల్లాడి బడి బస్సు మాన్పించి నేనే దింపితే అది పూడుతుందేమో, వచ్చే నెల నుంచి చూడాలి.